పాము పెట్టెలో వేడి ముందా, తేమ ముందా?

ప్రశ్న: మేము అమెరికాలో మినియాపొలిస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి పదమూడేళ్లు. ఏడాది పాటు అడిగి అడిగి, పోయిన ఆగస్టులో ఒక బాల్ పైథాన్‌ను తెచ్చుకున్నాడు. 40 గ్యాలన్ల అద్దాల ట్యాంకు, పైన ఇనుప జాలీ మూత. కింద హీట్ మ్యాట్, పైన ఎర్ర బల్బు, రెండూ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటాయి. లోపల దాక్కోవడానికి ఒక గూడు, అది మ్యాట్ ఉన్న వైపు. చలి ముదిరాక తేమ చూపించే ముల్లు 25 దాటడం లేదు. నీళ్లు చల్లితే గంటలో మళ్లీ ఆరిపోతోంది. పోయిన వారం కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, తోక చివర ఇంకా అంటుకునే ఉంది. మూడు వారాలుగా తిండి ముట్టలేదు. పొట్ట కింద ఒకచోట గులాబీ రంగు మచ్చ కనిపిస్తోంది. మావారు గదిలో స్పేస్ హీటర్ పెడదామంటున్నారు. మా అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకు పామంటే భయమూ భక్తీ రెండూను. ఇల్లు అంటుకుంటుందేమోనని ఒక టెన్షన్, పాముకు ఏమైనా అయితే పిల్లాడు తట్టుకోలేడని ఇంకో టెన్షన్. ముందు వేడి సరిచేయాలా, తేమ సరిచేయాలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇది చదువుతున్న చోట ఆగి, ముందు ఒక పని చేసి రండి. ట్యాంకు కింద ఉన్న హీట్ మ్యాట్ ప్లగ్ పీకేయండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా చూసే పరికరం, అన్న మాట ఎక్కడా లేదు. అంటే ఆ మ్యాట్ గోడ ప్లగ్‌కు నేరుగా తగిలించి ఉందన్నమాట. అలా వదిలేసిన మ్యాట్ మీద అద్దం 110 డిగ్రీల ఫారెన్‌హీట్ కూడా దాటిపోగలదు. మీరు చేత్తో తాకి చూస్తే వెచ్చగానే అనిపించవచ్చు. మన చెయ్యి అక్కడ రెండు క్షణాలు ఉంటుంది, పాము పొట్ట పది గంటలు ఉంటుంది. అందులోనూ కింది నుంచి కాలుతుంటే పాము చప్పున లేచి పక్కకు వెళ్లదు. కాలుతున్న చోటే చుట్ట చుట్టుకుని పడుకుని ఉంటుంది. దాక్కునే గూడు కూడా ఆ వైపు ఒక్కటే ఉంది కాబట్టి దానికి వేరే దారి లేకుండా పోయింది. ఒళ్లు కాలుతున్నా సరే, బయట నలుగురికీ కనిపించేలా ఉండటం కంటే గూట్లో దాక్కోవడమే దానికి మేలనిపిస్తుంది.

పొట్ట మీద మచ్చ సంగతి అందుకే మొదట చెబుతున్నాను. కుబుసం విడిచే ముందు బాల్ పైథాన్ల పొట్ట అంతా లేత గులాబీ రంగులోకి మారడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. మీ పాము కుబుసం విడిచి వారమైంది. ఆ తర్వాత కూడా ఒకేచోట రంగు నిలిచిపోయిందంటే అది కాలిన గాయమైనా అయి ఉండాలి, పొలుసుల కింద చెమ్మతో పట్టిన కుళ్లైనా అయి ఉండాలి. రెండిట్లో ఏదన్నది ఉత్తరం చదివి నేను చెప్పలేను, చెప్పకూడదు. సరీసృపాలను చూసే పశువైద్యుడికి చూపించండి. కుక్కలూ పిల్లులను చూసే డాక్టర్లందరూ పాములను చూడరు. సరీసృప, ఉభయచర పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో మీ రాష్ట్రంలో ఎవరున్నారో వెతుక్కోవచ్చు. అక్కడికి వెళ్లేదాకా పసుపు, కొబ్బరినూనె, వెన్న, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదీ రాయకండి. ట్యాంకులో పరిచిన పొట్టు తీసేసి తెల్లటి పేపర్ టవల్స్ పరచండి, తడిసినప్పుడల్లా మార్చండి. గాయానికి పొట్టు అంటుకోకుండా ఉండాలి.

మ్యాట్ తీసేస్తే ఈ రాత్రికి చలి ఎలా అంటారా? గది థర్మోస్టాట్‌ను 75 డిగ్రీలకు (24 సెల్సియస్) పెంచండి. ఇంట్లో ఎవరైనా మెలకువగా ఉన్నంతసేపు పైన బల్బు ఉండనివ్వండి, పడుకునేటప్పుడు ఆర్పేయండి. ఒకట్రెండు రాత్రులు 72, 75 డిగ్రీల్లో గడిపితే ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్‌కు ఏమీ కాదు. ఆ రోజుల్లో తిండి మాత్రం పెట్టకండి. రేపు వెళ్లి థర్మోస్టాట్ కొనండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నా చేతుల మీదుగా ఒకటి జరిగింది. నేను పాములు పెంచడం మొదలుపెట్టిన రెండో చలికాలం. నా దగ్గర థర్మోస్టాట్ ఉంది, మంచిదే. దాని సెన్సర్ తీగను లోపల టేపుతో అంటించాను. తేమకు టేపు ఊడింది, సెన్సర్ జారి నీళ్ల గిన్నెలో పడింది. నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి, పెట్టె చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ రాత్రంతా మ్యాట్‌ను వేడెక్కిస్తూనే పోయింది. పొద్దున చూసేసరికి పాము పొట్ట జానెడు మేర ఎర్రగా కమిలి ఉంది. నాలుగు నెలలు కట్లు, మందులు. బతికింది గానీ ఆ పొలుసులు మళ్లీ సరిగా రాలేదు. టేపు అంటుకున్న ఇంకో పాము చర్మం కూడా చూశాను, ఊడదీస్తుంటే పొలుసులే లేచి వచ్చేశాయి. అందుకే పాము తిరిగే చోట ఏ రకం టేపూ వద్దు. సెన్సర్‌ను జిప్ టైతో ఏదైనా కదలని దుంగకు గట్టిగా కట్టండి, లేదా అక్వేరియం సిలికోన్‌తో అంటించి, అది పూర్తిగా ఆరి వాసన పోయాకే పామును వదలండి. పాము దానిమీద మూత్రం పోసినా సెన్సర్ తప్పు చూపిస్తుంది. కాబట్టి పెట్టిన చోటే ఉందా, పొడిగా ఉందా అని రోజూ ఒకసారి పెద్దవాళ్లు చూడాలి. మీ అబ్బాయి ఎంత బాధ్యత గలవాడైనా ఆ చూపు మీదే ఉండాలి, ఎందుకంటే అది కరెంటు వస్తువు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. వేడి, తేమ రెండూ ఒకే త్రాసుకు రెండు పళ్లేలు. ఒకదాన్ని కదిలిస్తే రెండోది కదులుతుంది. మీ మినెసోటా రాష్ట్రపు చలికాలం ఇది కళ్లకు కట్టేలా చూపిస్తుంది. బయట మైనస్ 15 సెల్సియస్ ఉన్నప్పుడు ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగలిగే నీటి ఆవిరి ఒకటిన్నర గ్రాముల చుట్టూనే ఉంటుంది. అదే గాలి ఇంట్లోకి వచ్చి ఫర్నేస్‌లో వేడెక్కి 21 డిగ్రీలకు చేరితే 18 గ్రాముల దాకా పట్టుకోగలదు. కడుపులో చోటు పెరిగింది, లోపలున్న నీళ్లు మాత్రం ఆ ఒకటిన్నర గ్రామే. అందుకే ఆ గాలికి అంత దాహం. మీ పెదవులు పగలడం, కార్పెట్ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చిటుక్కుమనడం, పాము కుబుసం ముక్కలవడం, మూడూ ఒకే కారణం. దానికి తోడు మీ ట్యాంకు పైన జాలీ, జాలీ మీద బల్బు. లోపలి వేడిగాలి తేమను మూటగట్టుకుని జాలీలోంచి పైకి పోతుంటుంది. గిన్నె మీద మూత లేకుండా పప్పు ఉడికిస్తే నీళ్లెలా ఇగిరిపోతాయో అలా. మీరు నీళ్లు చల్లినకొద్దీ అది గదిలోకి పోతోంది, అంతే.

బాల్ పైథాన్ పుట్టిల్లు ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాల గడ్డినేలలు. పగలు ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుని రాత్రి బయటికొస్తుంది. పుట్ట అనగానే మనకు వేరే వివరణ అక్కర్లేదు. రోహిణీ కార్తెలో పైన మట్టి కాలిపోతున్నా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా, చీకటిగా ఉంటుంది. గాలి ఆడుతూ ఉంటుంది, అడుగు బురదగా ఉండదు. ట్యాంకులో ఏది మార్చాలన్నా ఇది పుట్టకు దగ్గరగా వెళుతోందా, దూరంగా వెళుతోందా అని చూసుకోండి. బెనిన్‌లోని విదా పట్టణంలో ఈ పాములకే ఒక గుడి ఉంది, అక్కడి వాళ్లు వీటిని చంపరు, మొక్కుతారు. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి, సంతోషిస్తారు.

మీ ప్రశ్నకు సూటి జవాబు: ముందు వేడి. వేడి ఒక అంకె మీద నిలబడ్డాకే తేమను సరిచేయగలం, లేకపోతే రోజూ లెక్క మారిపోతుంటుంది.

ట్యాంకులో ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉండాలి. పాము తన ఒంటి వేడిని తనే పుట్టించుకోలేదు. అటూ ఇటూ పాకి సరిచూసుకుంటుంది. వెచ్చటి వైపు నేల మీద 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్ (31 నుంచి 33 సెల్సియస్), చల్లటి వైపు 76 నుంచి 80 (24 నుంచి 27) ఉండాలి. 95 దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. రెండు వైపులా గూళ్లు ఉండాలి, రెండూ ఒకే రకం, పాము ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకు. విశాలమైన గూడు మనకు బాగుంటుంది గానీ దానికి నచ్చదు. రెండో గూడు ఇవాళే పెట్టండి. డబ్బులు అక్కర్లేదు, గట్టి అట్టపెట్టెకు గుండ్రంగా ఒక కంత కోసినా ప్రస్తుతానికి సరిపోతుంది.

మీ గది 68 డిగ్రీల్లో ఉంటే హీట్ మ్యాట్ ఎంత మంచిదైనా ఆ ట్యాంకుకు చాలదు. మ్యాట్ అద్దాన్ని వేడెక్కిస్తుంది, గాలిని వేడెక్కించలేదు. మీ ఊరి చలికి పైనుంచి వేడి కావాలి. ఎర్ర బల్బు తీసేయండి, పాముకు ఆ వెలుగు కనిపిస్తుంది, దానికి రాత్రి రాత్రిలా ఉండాలి. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేవి రెండు రకాలు దొరుకుతాయి: సిరామిక్ హీట్ ఎమిటర్, డీప్ హీట్ ప్రొజెక్టర్. రెండోది కాస్త ఖరీదు, గాలిని మాత్రం తక్కువ ఆరబెడుతుంది, వేడి ఒంటి లోపలికి బాగా దిగుతుంది. నన్నడిగితే అదే కొనమంటాను. ఏది కొన్నా హోల్డర్ పింగాణీదే అయి ఉండాలి, ప్లాస్టిక్ హోల్డర్ ఈ వేడికి కరుగుతుంది. హోల్డర్ మీద రాసి ఉన్న వాట్ల కంటే ఎక్కువ వాట్ల దీపం పెట్టకూడదు. వాట్లు ఎక్కువైతే త్వరగా వేడెక్కుతుందని పెద్దది కొంటుంటారు చాలామంది. కావలసిన అంకెను అందుకోగలిగిన వాటిలో అన్నిటికంటే చిన్నది కొనండి. ఏదో ఒకరోజు థర్మోస్టాట్ పాడై దీపం ఆరకుండా ఉండిపోతే, చిన్నది పామును ఇబ్బంది పెడుతుంది, పెద్దది చంపేస్తుంది.

దీపం పడిపోవడం ఇంకో భయం, అది నిజంగా భయపడాల్సిందే. క్లిప్పుతో అంచుకు తగిలించిన దీపాలు ఎప్పుడో ఒకప్పుడు జారతాయి. పిల్లి దూకినా, మూత తీసే తొందరలో చెయ్యి తగిలినా కార్పెట్ మీద పడతాయి. స్టాండుకో, గోడకు కొట్టిన కొక్కేనికో గొలుసుతో వేలాడదీయండి. కర్టెన్లు, పుస్తకాలు, బట్టలు రెండడుగుల లోపు ఉండకూడదు. ఆ గదిలో పొగ పసిగట్టే అలారం ఉందో లేదో చూడండి, ఉంటే బ్యాటరీ పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి. మీవారు స్పేస్ హీటర్ పెడదామంటున్నారని రాశారు. అది వద్దని ఆయనకు నా మాటగా చెప్పండి. ఎవరూ లేని గదిలో రాత్రంతా స్పేస్ హీటర్ నడపడం ఇంటికే ప్రమాదం, పైగా గాలిని ఇంకా ఆరబెడుతుంది. పెంపుడు జంతువుల షాపుల్లో అమ్మే వేడి రాళ్లు కూడా తేవద్దు. వాటిలో ఒకచోట నిప్పులా ఉంటుంది, ఇంకోచోట చల్లగా ఉంటుంది.

థర్మోస్టాట్ సంగతి ఇంకొంచెం. ఆన్ ఆఫ్ చేసే మామూలు రకం సిరామిక్‌కు సరిపోతుంది. డీప్ హీట్ ప్రొజెక్టర్‌కు మాత్రం కరెంటును మెల్లగా పెంచుతూ తగ్గించే డిమ్మింగ్ రకం తీసుకోండి, వేడి ఎగుడుదిగుడు లేకుండా ఉంటుంది, దీపం ఎక్కువ కాలం వస్తుంది. వేడి హద్దు దాటితే అరిచే అలారం ఉన్నది దొరికితే ఇంకా మంచిది. సెన్సర్‌ను వెచ్చటి వైపు, పాము పడుకునే ఎత్తులో, దీపానికి సూటిగా కింద కట్టండి. థర్మోస్టాట్ చూపించే అంకెను మాత్రం నమ్మేయకండి. విడిగా ఒక డిజిటల్ థర్మామీటరు పెట్టి, దానితోపాటు పది పదిహేను డాలర్లకు దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (ముట్టుకోకుండానే వేడి కొలిచే పరికరం) నేలను, గూడు పైభాగాన్ని రోజూ చూడండి. మీ మ్యాట్‌ను ఎప్పటికైనా మళ్లీ వాడాలనుకుంటే దానికి వేరే థర్మోస్టాట్ కావాలి. పొట్టు పైన కొలిస్తే సరిపోదు, పొట్టు తవ్వి అద్దం మీదే కొలవాలి. పాము కిందికి తవ్వుకుని అద్దానికి ఆనుకుని పడుకుంటుంది కాబట్టి. అక్కడ 92 దాటకూడదు.

ఇక తేమ. మామూలు రోజుల్లో 60 నుంచి 70 శాతం, కుబుసం విడిచే ముందు 70 నుంచి 80. దీనికి మొదటి పని, ఆ గుండ్రటి ముల్లు మీటరును తీసేయడం. అవి పది, పదిహేను శాతం తేడా చూపిస్తాయి. మీ 25 నిజంగా 25 కాకపోవచ్చు కూడా. డిజిటల్‌వి రెండు కొనండి, ఒక్కో వైపుకు ఒకటి. వాటినీ నమ్మే ముందు వంటింట్లో పరీక్షించండి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, చుక్కచుక్కగా నీళ్లు పోసి తడి ఇసుకలా చేయండి, కరిగిపోకూడదు. దాన్ని, మీటరును కలిపి జిప్ కవర్లో పెట్టి మూసి ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది, అది ఉప్పు స్వభావం. మీటరు 70 చూపిస్తే ఐదు తక్కువ చూపిస్తోందని దానిమీదే పెన్నుతో రాసిపెట్టుకోండి. మీ అబ్బాయితో చేయించండి. ఈ పరీక్ష చేశాక ఆ మీటరు వాడికి బొమ్మలా అనిపించదు.

రెండో పని జాలీ మూసేయడం. దీపం ఉన్న చోటు, దాని చుట్టూ నాలుగు వేళ్ల మేర వదిలేసి మిగతా జాలీని పైవైపు నుంచి అల్యూమినియం రేకు కాగితంతో కప్పండి. ఫర్నేస్ గొట్టాలకు వాడే రేకు టేపు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, దాన్ని జాలీ పైన, బయటివైపే అంటించాలి. జిగురు వైపు జాలీ కంతల్లోంచి లోపలికి తగలకుండా మధ్యలో రేకు కాగితం ఉండాలి. ప్లాస్టిక్ షీట్ దీపం దగ్గర వద్దు. పూర్తిగా మూసేయకండి, నాలుగో వంతు తెరిచి ఉండాలి. పుట్టకూ కంతలుంటాయి.

మూడో పని పరుపు. డాక్టరు గాయం మానిందని చెప్పాకే ఇది. కొబ్బరి పొట్టు, కొబ్బరి డొప్ప ముక్కలు కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. కోనసీమలో లారీల్లో వెళ్లే ఆ పొట్టే అక్కడ ఇటుకలుగా నొక్కి అమ్ముతారు, నీళ్లలో వేస్తే పొంగుతుంది. సైప్రస్ చెక్కపొట్టు కూడా పనికొస్తుంది. దేవదారు జాతి చెక్క, అంటే సెడార్, ఎప్పుడూ వాడకూడదు, దాని నూనెలు పాముకు విషం. ఇక నీళ్లు పైన చల్లే అలవాటు మానేయండి. పైన చల్లితే మీటరు ఎగిరి గంటలో పడిపోతుంది, ఈలోగా పొట్ట తడుస్తుంది. నాలుగు మూలల్లో మెల్లగా పోయండి, మీ ట్యాంకుకు రెండు మూడు కప్పులు. నీళ్లు అడుగుకు దిగి, పై పొర పొడిగా ఉంటూనే కింది నుంచి రోజుల తరబడి ఆవిరి వస్తుంటుంది. పిడికెడు పొట్టు తీసి పిండితే ముద్దవాలి గానీ చుక్క కారకూడదు. పై పొర ఎండిపోయి, మీటరు 60 కిందికి దిగినప్పుడు మళ్లీ పోయాలి. అద్దం మీద రోజంతా నీటి బిందువులు నిలుస్తున్నాయంటే ఎక్కువైంది, మూత కాస్త తెరవండి. తడి పరుపు, ఆడని గాలి, చల్లటి నేల మూడూ కలిస్తే పొలుసులు కుళ్లుతాయి, ఊపిరితిత్తులకు జబ్బు పడుతుంది.

పేపర్ టవల్స్ మీద ఉన్న ఈ రోజుల్లో తేమ ఎలాగంటే, రేకు మూత, వెడల్పాటి నీళ్ల గిన్నె వెచ్చటి వైపుకు జరపడం, గదిలో తేమ పెంచే మామూలు హ్యూమిడిఫయర్. హ్యూమిడిఫయర్ పొగమంచు నేరుగా ట్యాంకులోకి కొట్టకూడదు. గదిని 40 శాతానికి తెచ్చినా సగం పని అయినట్టే, మీ పెదవులకూ మంచిది.

తోక చివర అంటుకున్న కుబుసాన్ని గోటితో లాగకండి. లాగితే కింది లేత చర్మం వస్తుంది. అలాగని వదిలేయడమూ కాదు, తోక చుట్టూ ఉంగరంలా బిగిస్తే రక్తం ఆడక చివర నల్లబడి రాలిపోతుంది. గాయం ఉంది కాబట్టి నానబెట్టడం లాంటివి డాక్టరును అడిగాకే. ఆయన సరేనంటే, మూతకు కంతలున్న ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్లతో తడిపి పిండిన టవల్ వేసి, 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి, మీరు పక్కనే కూర్చుని. చాలావరకు టవల్ మడతల్లో పాకుతూ అదే వదిలించుకుంటుంది. కళ్ల మీద పాత పొర మిగిలితే ముట్టుకోవద్దు, అది పూర్తిగా డాక్టరు పని. మళ్లీ కళ్లు పాలరంగుకు మారి కుబుసం వేళ దగ్గరపడినప్పుడు తడి నాచు పెట్టిన చిన్న డబ్బా ఒకటి లోపల ఉంచండి. ఈసారి తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా రావాలి.

తిండి మానేయడం గురించి ఇంత భయపడకండి. బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉండటం పెంచేవాళ్లందరికీ అనుభవమే. మీ పాము ఇంకా చిన్నదైతే బరువు మీద కన్నేసి ఉంచాలి. వంటింటి తూకం వాడకుండా దానికి వేరే తూకం కొని వారానికోసారి తూచండి. పదో వంతు బరువు తగ్గితే డాక్టరుకు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, వేడి సరిగా లేనప్పుడు తినిపించడం ఇంకా చెడ్డది. మింగినది అరగక లోపలే చెడిపోతుంది, కక్కేస్తుంది. వేడి ఒక వారం నిలకడగా ఉన్నాక ఎలుకను పెట్టి చూడండి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, గురగురమనే చప్పుడు, తల పైకెత్తి అలాగే ఉండిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ వారం కూడా ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరకు.

మీ అత్తగారి గురించి. పాము ఒంటి మీద, రెట్టలో సాల్మొనెల్లా సూక్ష్మజీవి పైకి ఏ జబ్బూ లేకుండానే ఉండవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ముట్టుకోకపోవడం మేలు. ఆవిడ దూరం నుంచి దండం పెట్టుకోవచ్చు. పాలు మాత్రం పోయొద్దు, పాము వాటిని అరిగించుకోలేదు. ఆ గదిలో సాంబ్రాణి, అగరొత్తులు కూడా వెలిగించవద్దు, చిన్న పెట్టెలో చేరిన పొగ దాని ఊపిరితిత్తులకు చెరుపు. నీళ్ల గిన్నె, గూళ్లు వంటింటి సింకులో కడగకండి. ముట్టుకున్నవాళ్లు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇది చదివి ఇండియాలో ఎవరైనా ఇలాంటి పామును తెచ్చుకోవాలనుకుంటే ఒక మాట. మన నేల మీద పుట్టిన పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న విదేశీ జీవి. 2022లో చట్టాన్ని సవరించాక అలాంటి వాటికి ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి. కాగితాలు లేనిదాన్ని ఎవరు అమ్మినా కొనవద్దు.

మంచు తుఫానుకు కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకుని ఉంచండి. పామును దిండు గలీబులో వేసి, నోరు ముడివేసి, థర్మోకోల్ డబ్బాలో పెట్టాలి. సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి టవల్ చుట్టి ఒక పక్కన ఉంచాలి, పాముకు నేరుగా తగలకూడదు. చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు డబ్బా లోపల వేయొద్దు, అవి కాలుస్తాయి, పైగా అవి పనిచేయడానికి గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. కొవ్వొత్తులు దగ్గర పెట్టొద్దు.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేదీ ఇదే డబ్బాలో. బయలుదేరే పావుగంట ముందు కారు బయటికి తీసి స్టార్ట్ చేసి లోపల వెచ్చబడనివ్వండి. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజన్ నడపకండి. డబ్బాను ఇంట్లోంచి కారులోకి ఆలస్యం చేయకుండా చేర్చండి. ముక్కలుగా ఊడిన కుబుసాన్ని పారేసి ఉండకపోతే కవర్లో వేసి తీసుకెళ్లండి, మ్యాట్ ఫోటో, అది ఉన్న చోటు ఫోటో కూడా. రేపటి నుంచి రోజుకు రెండుసార్లు రెండు వైపులా వేడి, తేమ అంకెలు మీ అబ్బాయి చేత ఒక నోటుబుక్కులో రాయించండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు వాటి గురించే ఉంటాయి, వాటికి జవాబు వాడినే చెప్పనివ్వండి.